కొరమీనుకు ఏ దారం?

పోయిన సంచికలో గాలపు కర్రల గురించి నాలుగు మాటలు రాశాను గదా. దానిమీద చింతామణి నుండి ఒక కుర్రవాడు జాబు రాశాడు. “అయ్యా, కర్ర సంగతి తెలిసింది. మరి రబ్బరు కప్పను విసిరి కొరమీనును పట్టాలంటే దారం ఏది కొనాలి? బెంగుళూరు కొట్లో అడిగితే పది రకాలు ముందు పోసి, ఏది ఖరీదైతే అదే మంచిదంటారు. మా నాయన మాత్రం, చేప తినేది ఎరను గాని దారాన్ని కాదు, ఏదో ఒకటి కట్టుకో పోరా అంటున్నాడు” అని.

నాయన మాట కొట్టివేయదగినది కాదు. బెండు కట్టి, వానపామును గుచ్చి, కట్టమీద కూర్చునే వేటకు ఆ మాట చాలావరకు నిజమే. కాని బొమ్మ ఎరను విసిరి, లాగి, మళ్లీ విసిరే వేట సంగతి వేరు. ఇందులో దారం పూటకు వందా రెండువందల సార్లు కర్ర వలయాలగుండా దూసుకుపోయి తిరిగి రావాలి. దూరం పోవాలి. చేప ముట్టిందీ ముట్టనిదీ చేతికి తెలపాలి. ముట్టిన తర్వాత తుంగలోనుంచి దాన్ని ఈడ్చుకు రావాలి. ఈ నాలుగు పనులూ సమంగా చేసే దారం ఇంతవరకు ఎవరూ చేయలేదు. అంచేత మన చెరువుకు, మన చేపకు ఏది ముఖ్యమో ముందు తేల్చుకొని, ఆ పిమ్మట కొట్టుకు పోవడం మేలు.

మన తాలూకాలకు జీవనది లేదు. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి మన నంది కొండల ప్రాంతంలోనే పుడతాయి. ఆడపిల్ల పుట్టినింట ఎన్నాళ్లుంటుంది? నీళ్లన్నీ అత్తవారింటికే. మనకు మిగిలేవి చెరువులు. అవికూడా ఏళ్ల తరబడి ఎండి, గొర్రెల మేతకూ పిల్లల క్రికెట్టుకూ పనికివచ్చిన కాలం చదువరులకు గుర్తుండే వుంటుంది. 2021 నవంబరు వానలకు చాలా చెరువులు మరవ పారాయి. బెంగుళూరు మురుగును శుద్ధిచేసి పంపే పథకాలు వచ్చాక, 2018 మొదలు కోలారు వైపు, ఆ తర్వాత చిక్కబళ్లాపురం వైపు, కొన్ని చెరువులలో వేసవిలో సైతం నీళ్లు నిలుస్తున్నాయి. ఆ నీళ్ల మంచిచెడ్డల చర్చ ఇక్కడ పెట్టను. నీళ్లు నిలిచాయి గనుక చేపలు నిలిచాయి, చేపలు నిలిచాయి గనుక కుర్రవాళ్లు కర్రలు పట్టుకొని కట్టలమీద కనబడుతున్నారు. అంతవరకే మన ప్రస్తావన.

మన చెరువుల్లో ఎరను వెంటాడి కొట్టే చేప అంటే మొదట కొరమీను. తెలంగాణా ప్రభుత్వం 2016లో దీన్నే తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇది గాలి పీల్చే చేప. కొంతసేపటికి ఒకసారి పైకివచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంది. తడి ఆరని బురదలో పడుకొని ఎండలు దాటుకోగలదు. దీనికి పెద్దన్న పూమీను, మీటరు పొడవును మించి పెరుగుతుంది. లోతైన నీళ్లున్నచోట వాలుగ వుంటుంది, అదీ మీటరు దాటే జాతే. దాని నోటినిండా సన్నటి పళ్లు ఆకురాయి పొళ్లవలె వుంటాయి. ఒకే కొరుకుకు దారం తెగదు. కాని పది నిమిషాల పెనుగులాటలో పీచు పీచవుతుంది.

దారాల్లోకి పోయేముందు ఒక ముచ్చట చెప్పాలి, ఎందుకంటే అది మన శిడ్లఘట్ట, చింతామణి పల్లెల వృత్తికి దగ్గర చుట్టం. నైలాను పుట్టకముందు దొరల గాలాలకు కొసన కట్టిన తీగ పట్టుపురుగు కడుపులోనిది! మనవాళ్లు పండు పురుగును చంద్రిక కెక్కించి గూడు అల్లనిస్తారు. స్పెయిన్ దేశంలో ముర్సియా అనే ప్రాంతంవారు మాత్రం పండు పురుగును అల్లనివ్వక, వెనిగరులో నానవేసి, కడుపు చీల్చి, లోపలి రెండు పట్టుతిత్తులను బయటికి తీసి, కొసలు పట్టుకొని చాచేవారు. గాలి తగిలేసరికి అది గట్టి తీగ అయ్యేది. ఒక పురుగుకు రెండే తీగలు, ఒక్కొక్కటి మూరకు అటూ ఇటూ. అలాంటివి ముడివేసి ముడివేసి బారెడు చేసుకోవాలి. వాడబోయే ముందు నీళ్లలో నానవేయాలి, లేకుంటే ముడి దగ్గర పుటుక్కుమంటుంది. పండు పురుగును ఇలా పాడుచేశారంటే మన రైతు తల బాదుకుంటాడు. అయినా నీళ్లలో కనబడకపోవడంలో దానికి సాటి అప్పట్లో లేదు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్. ఎస్. థామస్ 1873లో మన దేశపు గాలం వేట మీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం ప్రకటించాడు. ఆయన నాటికి వున్న సాధనాలు పట్టు, నార, ఈ పురుగు తీగ మాత్రమే. పట్టుదారాన్నీ నారదారాన్నీ ఇంటికి రాగానే విప్పి నీడన ఆరగట్టాలి. బద్ధకించినవాడి దారం పెట్టెలోనే కుళ్లేది.

నైలానును అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో కరోథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1935లో తయారుచేశాడు. 1938లో లోకానికి చాటారు. మొదట పళ్లు తోముకునే కుంచె, ఆపైన ఆడవారి మేజోళ్లు, ఆపైన గాలం. కుళ్లదు, నానవేయనక్కరలేదు, చవక. గాలం వేట పేదవాడి అందుబాటులోకి వచ్చింది దీనివల్లనే అనవచ్చు. ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాడు నైలానుతో మొదలుపెట్టడమే మంచిదని నా మతం. చిక్కుపడితే విప్పుకోవచ్చు, తెగితే ఏడవనక్కరలేదు.

కాని నైలాను సాగుతుంది. తెగేలోపల నూటికి ఇరవై పాళ్లకు అటూ ఇటూ సాగే గుణం దానిది. చేప ఎగిరి తల విదిల్చినప్పుడు ఈ సాగుడు మేలు చేస్తుంది, దెబ్బను తాను మింగి గాలాన్ని ఊడనివ్వదు. కట్టమీదనుంచి ముప్పయి గజాల దూరాన తామరాకుల నడుమ కొరమీను రబ్బరు కప్పను అందుకున్నదనుకోండి. దాని నోరు ఎముక. కప్పను దవడల మధ్య బిగించి పట్టుకుంటుంది. మీరు కర్రను ఎంత విసురుగా ఎత్తినా ఆ విసురు దారం సాగుడులోనే ఖర్చయిపోతుంది. గాలం ఎముకలో దిగదు. అది కప్పను నమిలి ఉమ్మివేసి పోతుంది. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక చాలామంది కర్రను తిడతారు, గాలాన్ని తిడతారు. పాపం దారాన్ని ఎవరూ అనుమానించరు.

ఇక్కడ పనికివచ్చేది అల్లిక దారం. జడ అల్లినట్లు నాలుగు పేటలుగానో ఎనిమిది పేటలుగానో అల్లుతారు గనుక నేను జడదారం అంటాను. ముడిసరుకు పాలిథీన్, అంటే మన కూరగాయల సంచీకి బంధువే. అయితే దీనిలో అణువుల గొలుసులు చాలా పొడవు, అన్నిటినీ ఒకే దిక్కుకు సాగదీసి నూలు తీస్తారు. ఆ పద్ధతిని హాలెండులో 1970ల చివర సాధించారు. ఇది సాగదంటే సాగదు. చేప ముక్కుతో ముట్టినా వేలికి తెలుస్తుంది. నీళ్లకంటె తేలిక గనుక పైన తేలుతుంది, తేలే కప్పకు ఇది మరీ అనుకూలం. లావు విషయానికి వస్తే, సుమారు 0.28 మిల్లీమీటర్ల జడదారం 30 పౌండ్లు, అనగా 13.6 కిలోలు ఆపుతుంది. అంత బలం నైలానుకు కావాలంటే అర మిల్లీమీటరు దాకా లావుండాలి. అంత లావు దారం చిన్న రీలుకు నిండా పట్టదు, విసిరితే దూరం పోదు.

నాలుగు పేటలా, ఎనిమిదా? ఎనిమిది పేటలది నున్నగా, గుండ్రంగా వుండి చప్పుడు లేకుండా దూరం పోతుంది. నాలుగు పేటలది గరుకు. కాని ఆ గరుకే తుంగలో రంపంవలె పనిచేస్తుంది. ధర కూడా తక్కువ. మన చెరువులకు నాలుగే చాలు. కొట్టువాడు ఎనిమిదే కొనమంటాడు. ఆయన వ్యాపారం ఆయనది.

మూడో జాతి ఫ్లోరోకార్బన్. నీళ్లలో నైలాను కన్నా తక్కువగా కనబడుతుంది, త్వరగా మునుగుతుంది, రాపిడికి ఓరుస్తుంది. అన్నీ మంచి గుణాలే. కాని మన చెరువు నీళ్లు సంవత్సరంలో ఎక్కువ భాగం టీ రంగులో వుంటాయి. జానెడు లోతున మీ చెయ్యే మీకు కనబడదు. కనబడని నీళ్లలో కనబడని దారానికి డబ్బు పోయడం ఎందుకు? పైగా మునిగే దారం తేలే కప్పను ముక్కు కిందికి లాగుతుంది. దాన్ని కొసకట్టుకు తప్ప కొనవద్దు.

ఇక బలం. ఈ విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మూడు కిలోల చేపకు పదిహేను కిలోల దారం ఎందుకని కుర్రవాళ్లు అడుగుతారు. నీళ్లలో చేపకు బరువు లేదన్నా తప్పులేదు, దాని ఈత బలం ఒక్కటే లెక్క. అలాగైతే ఐదారు కిలోల దారం చాలాలి గదా? బాగేపల్లి వైపు ఒక చెరువు కట్టమీద ఇదే ప్రశ్నకు ఒక ముసలాయన జవాబు చెప్పగా విన్నాను.

“తాతా, ఈ దారం చాల్తుందా?”

“చేపకు చాల్తాదిరా అబ్బోడా, తుంగకు చాలదు.”

అంతకన్న వివరంగా నేను చెప్పలేను. గాలం తగిలిన కొరమీను లోతుకు పోదు. తుంగలోకో, తామర కాడల్లోకో, గుర్రపుడెక్క కిందికో దూరి మెలికలు తిరుగుతుంది. అప్పుడు మీరు లాగవలసింది మూడు కిలోల చేపను కాదు, చేపతోబాటు పది కిలోల తడి చెత్తను. లాగుతూ లాగుతూ దారం తెగితే మనకు పోయింది మూడు నాలుగు వందల రూపాయల కప్ప. చేపకు మాత్రం నోట్లో రెండు గాలాలు, వెనుక బారలకొద్దీ దారం. ఆ దారం కాడలకు చుట్టుకుంటే అది గాలికి పైకి రాలేదు. గాలి పీల్చే చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. కనుక సన్న దారంతో పెద్ద చేపను పట్టాననే గొప్ప మన చెరువుల్లో చెల్లదు. తుంగ వుంటే 40 నుండి 50 పౌండ్ల జడదారం, అనగా సుమారు 18 నుండి 23 కిలోలది. నీళ్లు తేటపడి చెత్త లేకపోతే 30 చాలు. 20కి దిగవద్దు. చెత్త లేనిచోట రీలు బిగింపును దారం బలంలో నాలుగోవంతు, మించితే మూడోవంతు దగ్గర పెట్టుకోవాలి. తుంగలో మాత్రం అంతకంటె బిగించక తప్పదు, అందుకే లావు దారం.

వాలుగ కోసమైతే జడదారం కొసన రెండు మూరల లావు నైలాను, 50 పౌండ్లకు తగ్గనిది, కట్టాలి. పళ్ల రాపిడి అది భరిస్తుంది. ఇనుప తీగ కొసకట్టు మన చేపలకు అనవసరం. అది సముద్రంలో వంజరానికి.

డబ్బా మీది అంకెలను నమ్మవచ్చునా? పేరున్న కంపెనీలవి చాలావరకు నమ్మవచ్చు. ఊరూ పేరూ లేని డబ్బాలమీద 0.10 మిల్లీమీటర్లకు 40 పౌండ్లని అచ్చువేసి అమ్ముతున్నారు. అంత సన్నని దారానికి అంత బలం వుండదు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు, బిందె వుంటే చాలు. నున్నని దూలానికో జామకొమ్మకో దారాన్ని ఏడెనిమిది చుట్లు చుట్టి కట్టండి. కింది కొసను, మీరు గాలానికి వేసే ముడినే వేసి, బిందె మెడకు కట్టిన గట్టి కొక్కేనికి తగిలించండి. బిందె నేలకు జానెడు ఎత్తుకు మించి వుండకూడదు, కింద గోనెసంచి పరచాలి, పిల్లలను దూరంగా వుంచాలి. లీటరు చెంబుతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టండి. లీటరు నీళ్లు ఒక కిలో. ఖాళీ బిందె బరువు కలుపుకోండి. 30 పౌండ్ల దారమైతే పదమూడు కిలోల దగ్గరకు రావాలి. ప్లాస్టిక్ బిందె అయితే మేలు. ఇత్తడి బిందె సొట్టపడితే ఇంట్లో జరగబోయే సంభాషణకు ఈ శీర్షిక బాధ్యత వహించదు.

ఈ పరీక్షలో మరో సంగతి బయటపడుతుంది. దారం నడుమ తెగదు, ముడి దగ్గర తెగుతుంది, లేదా ముడి జారుతుంది. జడదారం నూనె రాసినట్లు జారే సరుకు. మనం పురికొసకు వేసే ముడి దానిమీద నిలవదు. సులువైన మంచి ముడి పాలొమార్ ముడి. దారాన్ని జానెడు మడిచి జంటగా చేయండి. ఆ మడతను గాలపు కంటిగుండా దూర్చండి. జంట దారంతోనే ఒక మామూలు ముడి వదులుగా వేయండి. మడత ఉచ్చును గాలం మొత్తం మీదుగా దాటించండి. ఎంగిలితో తడిపి మెల్లగా బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి దారం కాలుతుంది, పాలిథీన్ వేడికి ఓర్వదు. విసురుతుండగా దారం నడుమ గాలికి ఒక చిన్న ముడి పడడం కద్దు. దాన్ని చూసీ చూడనట్లు పోనివ్వకండి. అక్కడ బలం సగం పోయినట్లే. కోసి మళ్లీ కట్టండి. రీలుకు జడదారాన్ని నేరుగా చుడితే చుట్ట మొత్తం గిర్రున జారుతుంది, కింద పది చుట్లు నైలాను వేసి దానిపైన చుట్టాలి.

కావేరిలో మహాసీరుకు ఇదే దారం వాడవచ్చునా అని అడిగేవారుంటారు. పెద్ద మీను అనగానే మైసూరు సీమలో అందరికీ తలపుకు వచ్చేది అదే మరి. 1946లో వాన్ ఇంగెన్ దొర కబిని నదిలో పట్టినది 120 పౌండ్లు, అనగా 54 కిలోలు. అక్కడి లెక్క తలకిందులు. నది రాళ్లమయం, తుంగ కాదు. సాగదీసి బిగువుగా వున్న జడదారం రాతి అంచుకు తగిలితే దూదిపోగులా తెగుతుంది. అంచేత మహాసీరు వేటగాళ్లు లావు నైలానునే నమ్మారు, జడదారం వాడినా ముందు బారలకొద్దీ నైలాను కట్టారు. మహాసీరుకు దవడల్లో పళ్లు లేవు. వున్నవి గొంతులో. నత్తగుల్లలు నూరే ఆ గొంతు సత్తు గాలాలను కూడా నలిపేస్తుంది. ఇదంతా గడచిన కథగా చెబుతున్నాను. కావేరి అభయారణ్యంలో గాలం వేయడాన్ని 2010 తర్వాతి ఏళ్లలో వేట కిందనే లెక్కగట్టి ఆపివేశారు. ఆ మూపురపు మహాసీరు శాస్త్రీయ నామం 2018లో గాని తేలలేదు. అదే ఏడు దాన్ని అంతరించే ముప్పు అతి తీవ్రంగా వున్న జాతుల్లో చేర్చారు. శతాబ్దంన్నరపాటు వేటాడిన చేపకు పేరు తేలేసరికి చేపే కరువైంది.

చేతుల సంగతి ఒకటి. జడదారం సన్నని కత్తి. ఎర దేనికైనా తగులుకున్నప్పుడు దారాన్ని అరచేతికి చుట్టుకొని లాగడం మనవాళ్ల అలవాటు. నైలానుకు అది చెల్లింది. జడదారం వేలిని ఎముకదాకా కోస్తుంది. చిన్న కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, కర్ర కొసలు పట్టుకొని, మొగం పక్కకు తిప్పుకొని లాగాలి. ఎర ఊడి తూటాలా వెనక్కి రావచ్చు. డబ్బు మిగులుతుందని గాలిపటాల నైలాను మాంజా వాడేవారు కూడా కనబడ్డారు. దాన్ని జాతీయ హరిత ధర్మాసనం 2017లో నిషేధించింది. అదీగాక గాజుపొడి పూసిన దారం రీలునూ కర్ర వలయాలనూ ముందు కోస్తుంది.

తెగిన దారం ముక్కలను కట్టమీద పారేసి రావద్దు. బాగేపల్లికి ఆవల, చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి చింతచెట్లమీద గూళ్లు కడతాయి. ఆ ఊరివారు వాటిని ఇంటి ఆడపడుచులను చూసినట్లు చూసుకుంటారు. అవి మేతకు దిగేది చుట్టుపట్ల చెరువుల్లోకే. లోతులేని నీళ్లలో ముక్కు తెరిచి పెట్టి, తగిలినదాన్ని పట్టుకునే పక్షి అది. కంటితో చూసి ఏరుకునేది కాదు. నీళ్లలోని దారపు ఉండ దాని ముక్కుకో కాలికో చుట్టుకుంటే విప్పేవారు ఎవరు? నైలాను గాని పాలిథీను గాని కుళ్లే సరుకు కాదని పైన చెప్పాను గదా. పట్టుపురుగు తీగకు ఈ దోషం లేదు.

చెరువు చేపల హక్కు సాధారణంగా ఎవరికో గుత్తకు ఇచ్చి వుంటుంది. గుత్తదారుతోనో సంఘంవారితోనో ఒక మాట చెప్పి గాలం వేయడం మర్యాద, చిక్కులూ వుండవు. మరొకటి, వానలు పడ్డ తర్వాత నీళ్లపైన ఎర్రని రవ్వలు గుంపుగా కదలాడుతూ కనబడతాయి. అవి కొరమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా వుంటాయి. ఆ గుంపు మీద కప్పను విసిరితే అవి తప్పక కొడతాయి. ఆకలికి కాదు, కోపానికి. అదే అదనుగా పట్టేవారు చాలామంది. తల్లిదండ్రులు పోయిన గుంపును పక్షులూ తక్కిన చేపలూ మిగలనివ్వవు. ఏ దారం కట్టుకున్నవారైనా ఆ గుంపు కనబడితే ఎరను మరోవైపు విసరండి.

నైలానును ఏటా మార్చండి, ఎండకు గుల్లబారుతుంది. జడదారం రంగు వెలిసినా బలం పోదు. కొస వైపు పీచులేస్తే విప్పి తిరగవేసి చుట్టుకుంటే మరో రెండేళ్లు వస్తుంది. తీసివేసిన పాత నైలానును మాత్రం పారేయవద్దు. ఇంట్లో ఆడపిల్లలు పూసలు గుచ్చుకోవడానికి అంతకన్న మంచి దారం బజారులో దొరకదు.